జాన్ మ్యూర్ ట్రయల్ ప్రాజెక్టు డైరీ: జీపీఎస్, శాటిలైట్ మెసెంజర్ సరంజామా

కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయలోని హ్యాపీ ఐల్స్ దగ్గర మొదలై విట్నీ శిఖరం (4,421 మీటర్లు) మీద ముగిసే జాన్ మ్యూర్ ట్రయల్ పొడవు 211 మైళ్లు, అంటే దాదాపు 340 కిలోమీటర్లు. శిఖరం నుంచి విట్నీ పోర్టల్‌కు దిగడానికి ఇంకో 11 మైళ్లు. దారిలో చాలా భాగం సెల్ సిగ్నల్ అందదు. ఆగస్టు చివర్లో నలుగురు ఉత్తరం నుంచి దక్షిణానికి నడవడానికి దారి చూపే వస్తువులు, కబురు పంపే వస్తువులు సిద్ధం చేయడం ఈ ప్రాజెక్టు. ఇప్పటిదాకా ఏం తేలింది, ఏం మార్చాం, ఏం మిగిలింది అన్నది ఇక్కడ రాస్తున్నాం.

పని మొదలుపెట్టేటప్పుడే ఒక నియమం పెట్టుకున్నాం. ఏ ఒక్క వస్తువు చచ్చినా, పోయినా, మిగతావి దాని సాయం లేకుండా పనిచేయాలి. వినడానికి తేలికే. అమలు చేస్తుంటే సరంజామాలో సగం ఈ ఒక్క నియమం వల్లే మారింది.

పరికరాలు: ఖరారు

ఒక గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 (ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం, 100 గ్రాములు). ఒక పీఎల్‌బీ, అంటే వ్యక్తిగత అత్యవసర బీకన్. మ్యాపులు నింపిన ఫోన్లు రెండు. అంగుళానికి మైలు స్కేలు (1:63,360) కాగితం మ్యాపు, దిక్సూచి. ఇన్‌రీచ్ ఒకరి భుజం పట్టీ మీద ఉంటుంది, పీఎల్‌బీ ఇంకొకరి జేబులో. రెండూ ఒకే సంచిలో పెడితే వాగు దాటేటప్పుడు ఆ సంచి కొట్టుకుపోతే రెండూ పోతాయి.

జీపీఎస్ ఉంటే మెసేజ్ ఎందుకు పోదని చాలామంది అడుగుతుంటారు. జీపీఎస్ రిసీవర్ వింటుంది, అంతే. 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సంకేతాలను పట్టుకుని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంకో వ్యవస్థ కావాలి. ఇన్‌రీచ్‌కు అది ఇరిడియం: 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు, ఆరు కక్ష్యల్లో, కక్ష్యకు పదకొండు. దాదాపు ధ్రువాల మీదుగా తిరుగుతాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అందుకే కింద దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ లేకపోయినా మెసేజ్ చేరుతుంది. స్పాట్ కంపెనీ మెసెంజర్లు, ఐఫోన్ 14 నుంచి వస్తున్న శాటిలైట్ ఎస్‌ఓఎస్ వాడే గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలు 1,410 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇవి అందిన సంకేతాన్ని అద్దంలా కిందికి తిప్పి పంపుతాయి. కాబట్టి మనకూ గ్రౌండ్ స్టేషన్‌కూ ఒకే ఉపగ్రహం ఒకేసారి కనబడాలి. అమెరికాలో దానికి ఇబ్బంది లేదు. గ్రౌండ్ స్టేషన్ల వలయం దాటిన చోట తేడా తెలుస్తుంది.

పీఎల్‌బీ కథ వేరు. 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్లతో కాస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ రక్షణ వ్యవస్థకు అరుస్తుంది. దగ్గరికొచ్చిన రక్షణ బృందం వెతుక్కోవడానికి 121.5 మెగాహెర్ట్జ్ మీద చిన్న సంకేతం కూడా ఇస్తుంది. నెల చందా లేదు, జవాబు రాదు, నడుం విరిగిందో దారి తప్పిందో చెప్పే వీలూ లేదు. కానీ బటన్ నొక్కాక కనీసం 24 గంటలు పనిచేసేలా తయారుచేస్తారు. చందా కార్డు గడువు తీరడం, కంపెనీ సర్వర్ పడిపోవడం దాన్ని తాకవు. ఇన్‌రీచ్‌కు తోడుగా రెండో ఇన్‌రీచ్ కాకుండా పీఎల్‌బీ తీసుకున్నది ఇందుకే. రెండు ఇన్‌రీచ్‌లకూ ఒకే ఉపగ్రహ వ్యవస్థ, ఒకే కంపెనీ, చాలాసార్లు ఒకే ఖాతా.

పీఎల్‌బీని అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా దగ్గర ఉచితంగా రిజిస్టర్ చేయాలి, రెండేళ్లకోసారి పునరుద్ధరించాలి. పెట్టె మీదున్న 15 అంకెల, అక్షరాల గుర్తింపు సంకేతాన్ని ఎక్కించేటప్పుడు సున్నాకూ 'ఓ' అక్షరానికీ మధ్య పొరపాటు వస్తుంది. ఆ సంకేతంలో వాడేవి 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ మాత్రమే, కాబట్టి 'ఓ' అనిపించినదల్లా సున్నాయే. రిజిస్ట్రేషన్‌లో అదనపు వివరాల గడి ఉంటుంది. అందులో యాత్ర తేదీలు, ఎంతమంది, టెంట్ల రంగు, ఇన్‌రీచ్ కూడా ఉందన్న సంగతి రాశాం.

మ్యాపులు: పూర్తి, ఒకసారి చెరిపి మళ్లీ నింపాం

ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ ఫోన్ జీపీఎస్ పనిచేస్తుంది. ఆగిపోయేది నెట్ ద్వారా వచ్చే సాయం. ఊళ్లో ఉపగ్రహాల కక్ష్య వివరాలు ఫోనుకు నెట్‌లో క్షణాల్లో దొరుకుతాయి, అందుకే మ్యాపు మీద మనం ఉన్న చోటు చూపే చుక్క వెంటనే పడుతుంది. కొండల్లో ఆ వివరాలను ఉపగ్రహం నుంచే దించుకోవాలి. ఉపగ్రహం వాటిని 30 సెకన్లకోసారి ప్రసారం చేస్తుంది, మధ్యలో చెట్టు అడ్డొస్తే మళ్లీ మొదలు. ఒకసారి దించుకున్నవి నాలుగు గంటల వరకు పనికొస్తాయి. కాబట్టి పొద్దున్నే టెంటు విప్పేటప్పుడు ఫోనును ఆకాశం కనిపించే రాయి మీద రెండు మూడు నిమిషాలు కదపకుండా పెట్టడం దినచర్యలో చేర్చాం. నడుస్తూ, చెట్ల కింద తీసి 'చుక్క రావట్లేదు' అనుకోవడం కంటే ఇది మేలు.

మ్యాపు దించుకోవడంలో అసలు చిక్కు జూమ్. యాప్‌లో మొత్తం దారిని ఒకే పెట్టెలో గీసి 'డౌన్‌లోడ్' నొక్కితే కొన్ని యాప్‌లు సైజు తగ్గించడానికి పై జూమ్‌లను వదిలేస్తాయి. ఇంట్లో వైఫై ఉంటుంది కాబట్టి వేలితో పెద్దది చేస్తే వివరాలన్నీ కనిపిస్తాయి, అంతా దిగిందని నమ్ముతాం. టోపో మ్యాపులో ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు చదవాలంటే జూమ్ 16 కావాలి. ఈ అక్షాంశం దగ్గర ఆ జూమ్‌లో ఒక్కో పలక (మ్యాపు దిగే చదరపు ముక్క) 490 మీటర్ల చదరం. దారికి ఇరువైపులా ఐదేసి కిలోమీటర్లు తీసుకుంటే 14 వేల పలకలకు పైనే, కింది జూమ్‌లు కలిపితే ఇంకో మూడో వంతు. అందుకే దారిని ఆహారం నింపుకునే చోట్ల ప్రకారం ముక్కలు చేశాం: ట్యులమీ మెడోస్, రెడ్స్ మెడో, మ్యూర్ ట్రయల్ రాంచ్, విట్నీ పోర్టల్. మధ్యలో కొండ దిగి ఊరు చేరే దారులను కూడా, ముఖ్యంగా కియర్‌సార్జ్ కనుమ మీదుగా ఆనియన్ వ్యాలీకి దిగేదాన్ని, వేరే పెట్టెలుగా దించాం. ఎవరికైనా దెబ్బ తగిలితే అవసరమయ్యేది అసలు దారి కాదు, ఈ పక్కదారులే.

తనిఖీ పద్ధతి: ఎయిర్‌ప్లేన్ మోడ్, వైఫై కూడా ఆఫ్, ఫోన్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్. అప్పుడు యాప్ తెరిచి ఎన్నడూ చూడని మూడు నాలుగు చోట్లకు వెళ్లి పెద్దది చేసి చూడాలి. ఫోన్ ఆపకుండా చూస్తే తాత్కాలిక మెమరీలో ఉన్న పలకలు కనబడి మోసం చేస్తాయి. రెండో ఫోనులో వేరే యాప్ పెట్టాం. కొన్ని యాప్‌లు కొన్నాళ్లకోసారి నెట్‌లో లాగిన్ అడుగుతాయి. అది అడవిలో అడిగితే మ్యాపులు లోపలే ఉన్నా తెరుచుకోవు.

దారిని పాయింట్లుగా దాచే జీపీఎక్స్ ఫైలును ఎక్కడి నుంచి తెచ్చినా పాయింట్ల సంఖ్య చూడండి. పాత చేతి జీపీఎస్‌లలో దాచుకున్న ట్రాక్‌కు 500 పాయింట్ల పరిమితి ఉండేది. వాటి కోసం కుదించిన ఫైళ్లు ఇంకా తిరుగుతున్నాయి. 340 కిలోమీటర్లకు 500 పాయింట్లంటే పాయింటుకూ పాయింటుకూ మధ్య 680 మీటర్లు. మాథర్ కనుమ కింద మలుపులు మలుపులుగా ఎక్కే దారి ఆ ఫైల్లో కొండను నిలువునా చీల్చిన గీతలా కనిపిస్తుంది. దాన్ని నమ్మి నడిస్తే రాళ్ల గుట్టలోకి పోతాం.

కాగితం మ్యాపుతో కలపడానికి ఇన్‌రీచ్‌లో లొకేషన్ ఫార్మాట్‌ను యూటీఎంకు, అంటే చోటును మీటర్ల గళ్లలో చెప్పే పద్ధతికి మార్చాం. ఈ దారంతా యూటీఎం 11వ జోన్‌లోనే ఉంది. డేటమ్, అంటే ఈ అంకెలు కొలిచే ఆధారం, డబ్ల్యూజీఎస్ 84. మ్యాపు మూలలో ఎన్‌ఏడీ 27 అని ఉంటే అది పాత డేటమ్ వాడిన ముద్రణ. దాని గళ్ల మీద ఈ అంకెలు పెడితే ఉత్తర-దక్షిణంగా 200 మీటర్ల దాకా, తూర్పు-పడమరగా 80 మీటర్ల దాకా తేడా వస్తుంది. దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి పక్కగా చూపుతుంది కాబట్టి దానిలో తూర్పుకు 12 డిగ్రీల సవరణ పెట్టాం.

ఇంట్లో వాళ్లకు యూటీఎం వద్దు, దశాంశ డిగ్రీలే. విట్నీ శిఖరం 36.5786 ఉత్తరం, 118.2920 పడమర. ఇదే అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాల్లో రాస్తే 36 డిగ్రీల 34.716 నిమిషాలు. ఎవరైనా హడావిడిలో దాన్ని 36.34716 అని మ్యాపులో కొడితే చుక్క దాదాపు 26 కిలోమీటర్లు దక్షిణానికి పడుతుంది. పడమర రేఖాంశానికి ముందుండాల్సిన మైనస్ గుర్తు మర్చిపోతే చైనాలోని షాన్‌డాంగ్‌లో పడుతుంది. మొదటిది ప్రమాదం, ఎందుకంటే తప్పని తెలియదు. రెండోది చూడగానే తెలిసిపోతుంది.

లోయలో మెసేజ్ ఎంతసేపు ఆగుతుంది: లెక్క వేశాం, ప్రణాళిక మారింది

తెరిపి ఆకాశం కింద ఇన్‌రీచ్ మెసేజ్ నిమిషంలోపే పోవచ్చు. లోయలో అరగంటకూ పోకపోవచ్చు. 'ఒక్కోసారి ఆలస్యమవుతుంది' అని వదిలేయకుండా కారణం తెలుసుకుంటే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

ఇరిడియం ఉపగ్రహం భూమిని దాదాపు 100 నిమిషాల్లో చుట్టి వస్తుంది. ఒక కక్ష్యలో పదకొండు ఉన్నాయి కాబట్టి నెత్తి మీద దాదాపు తొమ్మిది నిమిషాలకొకటి వస్తుంది. మైదానంలో ఒకటి దిగేలోపే ఇంకొకటి లేస్తుంది, ఎడం ఉండదు. నలువైపులా 40 డిగ్రీల ఎత్తు గోడలున్న గుంటలో నిలబడితే ఒక్కో ఉపగ్రహం నాలుగు నిమిషాలు మాత్రమే కనిపిస్తుంది, మిగతా ఐదు నిమిషాలు ఖాళీ. అది కూడా కక్ష్య సరిగ్గా నెత్తి మీదున్నప్పుడు. భూమి తిరుగుతుంటే కక్ష్య పక్కకు జరుగుతుంది, పక్క కక్ష్య నెత్తి మీదికి రావడానికి రెండు గంటలు పడుతుంది. ఆ మధ్యలో దాదాపు గంటసేపు గోడల పైన ఒక్క ఉపగ్రహం కూడా ఉండదు.

ఇప్పుడు లోయ ఏ దిక్కుకు సాగుతుందో చూడండి. ఉపగ్రహాలు ఉత్తర-దక్షిణాలుగా పోతాయి. లీకాంట్ కాన్యన్ కూడా ఇంచుమించు అదే దిక్కుకు సాగుతుంది. కక్ష్య నెత్తి మీద ఉన్నంతసేపూ అక్కడ సిగ్నల్ నిలకడగా ఉంటుంది. అది పక్కకు జరిగాక చాలాసేపు ఏమీ ఉండదు. గోల్డెన్ స్టెయిర్‌కేస్ అనే నిటారు ఎక్కుడు మొదట్లో ప్యాలిసేడ్ క్రీక్ లోయ తూర్పు-పడమరగా పోతుంది. అక్కడ ప్రతి ఉపగ్రహం లోయను అడ్డంగా దాటిపోతుంది, కాసేపు కనిపించి మాయమవుతుంది, కానీ తొమ్మిది నిమిషాలకు ఇంకొకటి వస్తుంది.

దీన్నుంచి రెండు నియమాలు రాసుకున్నాం. తూర్పు-పడమర లోయలో మెసేజ్ పోకపోతే కదలకుండా పదిహేను నిమిషాలు ఆగాలి. ఉత్తర-దక్షిణ లోయలో పదిహేను నిమిషాలకూ పోకపోతే అక్కడే నిలబడి బ్యాటరీ కాల్చడం దండగ, లోయ వెడల్పయ్యే చోటికో, గోడకు దూరంగా ఉన్న పచ్చిక మధ్యకో నడవాలి. రోజువారీ క్షేమ సందేశాన్ని రాత్రి బసలో కాకుండా మధ్యాహ్నం కనుమ మీదే పంపాలన్న నిర్ణయం కూడా ఈ లెక్క వల్లే వచ్చింది. మ్యూర్ కనుమ (3,644 మీటర్లు), ఫారెస్టర్ కనుమ (4,009 మీటర్లు) మీద ఆకాశం నలువైపులా తెరిచి ఉంటుంది. రాత్రి బస చోటు మారితే బసలో రెండో సందేశం ప్రయత్నిస్తాం. అది చేరకపోయినా ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

గోడల దగ్గర జీపీఎస్ కూడా తప్పుతుంది. సంకేతం రాతిని కొట్టుకుని వస్తే పదుల మీటర్లు పక్కకు చూపిస్తుంది. ట్రాక్ లాగ్‌లో ఈ వణుకంతా దూరంగా లెక్కకెక్కుతుంది కాబట్టి పరికరం చూపే మైళ్లు మ్యాపులో ఉన్నవాటికంటే ఎక్కువ వస్తాయి. దాన్ని నమ్మి 'ఇంకో మైలులో నీళ్లు' అనుకోకూడదు.

అమర్చే చోటు: భుజం పట్టీ మీద, యాంటెనా ఆకాశం వైపు. మామూలు నైలాన్ టెంటు బట్ట సంకేతాన్ని ఆపదు. అల్యూమినియం పూసిన ఎమర్జెన్సీ దుప్పటి ఆపుతుంది. గాయపడిన మనిషికి ఆ దుప్పటి చుట్టేటప్పుడు ఇన్‌రీచ్‌నూ పీఎల్‌బీనీ బయటికి తీసి పెట్టాలని ప్రథమ చికిత్స సంచి మూత మీదే రాసి అంటించాం.

ఇంటి వైపు ఒప్పందం: సగం అయింది

పరికరం సర్దడం కంటే ఇది కష్టం. మినీ 2లో ముందే రాసి పెట్టుకునే సందేశాలు మూడు. వాటిని ఇలా పెట్టాం. ఒకటి: అందరం బాగున్నాం, అనుకున్న ప్రకారమే నడుస్తున్నాం. రెండు: ఆలస్యమవుతోంది, ప్రమాదమేమీ లేదు. మూడు: దారి మార్చాం, వివరం విడిగా పంపుతాం. మూడిట్లో ఏదీ సాయం అడిగేది కాదు. సాయం కావాలంటే ఎస్‌ఓఎస్ ఉంది. 'దయచేసి సాయం' లాంటి ముందస్తు సందేశం ఇంట్లో వాళ్ల మీద మోయలేని భారం పెడుతుంది.

విడి సందేశాలకు 160 అక్షరాల పరిమితి. తెలుగు లిపి వాడకండి. ఎస్‌ఎంఎస్ పద్ధతిలో యూనికోడ్ వస్తే ఒక్కో ముక్కలో 70 అక్షరాలే పడతాయి, ఎక్కడ విరుగుతుందో తెలియదు. రోమన్ లిపిలో తెలుగు రాయండి, లేదా ఇంగ్లీషులో. అంకెల మధ్య ఖాళీలు వదలండి.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు చేర్చాల్సిన వాళ్లకు ఇంకో రెండు సంగతులు. ఒకటి, విదేశీ నంబర్ల నుంచి వచ్చే ఎస్‌ఎంఎస్ దారిలో ఆగిపోవచ్చు, స్పామ్‌లోకీ పోవచ్చు. ఇండియాకు ఈమెయిల్ పెట్టుకోవడమే నయం. రెండు, ఆ ఈమెయిల్‌కు మామూలుగా 'రిప్లై' కొడితే మనకు చేరదు. లోపలున్న లింకు నొక్కి, తెరుచుకునే పేజీలో రాస్తేనే చేరుతుంది. ఇది ఫోనులో చెబితే అర్థం కాదు. యాత్రకు ముందే ఒకసారి పంపి, వాళ్లచేత జవాబు రాయించి, ఆ జవాబు పరికరంలో కనబడేదాకా ఆగాలి. వేసవిలో కాలిఫోర్నియాకూ ఇండియాకూ తేడా పన్నెండున్నర గంటలు. మధ్యాహ్నం 1 గంటకు కనుమ మీద పంపిన సందేశం వాళ్లకు రాత్రి 1:30కు మోగుతుంది. నిద్ర చెడకూడదనుకుంటే ఇండియా ఈమెయిల్‌ను రాత్రి బసలో పంపే సందేశానికి కలపండి: ఇక్కడ రాత్రి 8 అంటే అక్కడ మర్నాడు ఉదయం 8:30.

ట్రాకింగ్ విరామం, అంటే పరికరం ఎంతసేపటికోసారి మన చోటును పంపాలన్న దాని మీద కొంత చర్చ నడిచింది. గంటకు 3 కిలోమీటర్ల నడకలో పది నిమిషాలకు అర కిలోమీటరు, అరగంటకు కిలోమీటరున్నర. చివరి చుక్క చుట్టూ వెతకాల్సిన వైశాల్యం మొదటి దాంట్లో 0.8 చదరపు కిలోమీటర్లు, రెండో దాంట్లో 7. తొమ్మిది రెట్లు. బ్యాటరీ లెక్కలో కంపెనీ చెప్పే అంకెలు పది నిమిషాల విరామానికి 14 రోజులు, అరగంటకు 30 రోజులు. రెండూ పూర్తిగా తెరిచిన ఆకాశం కింద. అడవిలో పరికరం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి అంత రాదు. కనుమలు, వాగులు దాటే రోజుల్లో పది నిమిషాలు, మిగతా రోజుల్లో అరగంట అని తేల్చాం. చందా ప్లాన్‌లో ట్రాక్ పాయింట్లకు విడిగా డబ్బు పడుతుందో లేదో ముందే చూసుకోండి. రోజుకు పన్నెండు గంటలు, పది నిమిషాల విరామమంటే 72 పాయింట్లు.

ఇంట్లో ఉన్న బాధ్యుడి దగ్గర ఒక కాగితం ఉంటుంది. చుక్క ఆగిపోతే ఏం చేయాలో అందులో ఉంది. ఆరు గంటలు చుక్క కదలకపోతే: ఏమీ చేయొద్దు. ఒక రోజు క్షేమ సందేశం రాకపోతే: మెసేజ్ పంపి ఎదురు చూడాలి. వరుసగా రెండు రోజులు ఏమీ రాకపోతే: చివరి చుక్క ఎక్కడుందో చూసి ఆ ప్రాంత అధికారులకు ఫోను. యోసెమిటీ, కింగ్స్ కాన్యన్, సెకోయా జాతీయ పార్కుల్లో పార్కు సర్వీసుకు, బయట నేషనల్ ఫారెస్ట్‌లో కౌంటీ షెరీఫ్‌కు. కాలిఫోర్నియాలో గాలింపు బాధ్యత షెరీఫ్‌దే. దారి ఏ ముక్క ఏ కౌంటీలో ఉందో నంబర్లతో సహా ఇంకా రాయాలి. మిగిలిన సగం పని అదే.

ఇంటి నుంచి మాకు రావాల్సింది కూడా ఉంది: కార్చిచ్చు, పొగ, దారి మూసివేత కబుర్లు. 2020 సెప్టెంబరులో క్రీక్ ఫైర్ ఈ కొండల పడమటి వైపు అంటుకుంది. 2021 ఆగస్టు చివర్లో కాలిఫోర్నియాలోని నేషనల్ ఫారెస్టులు దాదాపు అన్నీ మూసేశారు. ఇవి నడక సీజన్‌లోనే జరుగుతాయి. వాతావరణం మాత్రం ఇన్‌రీచ్ నుంచే అడగొచ్చు, కానీ మనం నిలబడ్డ చోటికి కాకుండా మర్నాడు దాటే కనుమ అక్షాంశాలకు అడగాలి. మ్యూర్ ట్రయల్ రాంచ్‌కూ మ్యూర్ కనుమకూ మధ్య దాదాపు 1,300 మీటర్ల ఎత్తు, అంటే ఎనిమిది డిగ్రీల సెల్సియస్ తేడా.

కరెంటు: లెక్క పూర్తి, కేబుళ్లు మార్చాం

మ్యూర్ ట్రయల్ రాంచ్ దాటాక విట్నీ పోర్టల్ దాకా 110 మైళ్లకు పైనే. రోజుకు 12 మైళ్ల చొప్పున పది రోజులు, మధ్యలో దారి దిగకపోతే చార్జింగ్ లేదు. ఈ ముక్కకు సరిపడితే అన్నిటికీ సరిపడినట్టే.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 3.7 వోల్టుల దగ్గర 37 వాట్ అవర్లు. 5 వోల్టులకు మార్చడంలో, మళ్లీ ఫోనులోకి ఎక్కించడంలో పోయేది పోగా చేతికి వచ్చేది 30. ఫోన్ బ్యాటరీ 15 వాట్ అవర్లనుకుంటే, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, మ్యాపు చూస్తూ, ఫొటోలు తీస్తూ రోజుకు ఐదో వంతు ఖర్చు: పది రోజులకు 30. ఇన్‌రీచ్‌ను ఒకసారి నింపడానికి, తల దీపానికి కలిపి ఇంకో 10. మొదట్లో నిండుగా ఉన్న ఫోన్ 15 ఇస్తుంది. మొత్తం ఉన్నది 45, కావలసింది 40. ఒక ఫోనుకు ఒక బ్యాంక్ చొప్పున రెండు తీసుకుంటున్నాం. చలి తినే భాగం కోసం మిగులు కావాలి. సోలార్ పలక వద్దనుకున్నాం. నడుస్తుంటే అది ఎప్పుడూ సూర్యుడి వైపు ఉండదు.

చలిలో ఇంకో సంగతి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే కింద వాడొచ్చు, చార్జ్ చేయకూడదు. లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా చెడుతుంది. తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో టెంటు మూల చార్జింగ్ పెట్టి పడుకోవడం చాలామంది అలవాటు. మేం సాయంత్రం వంట చేసేటప్పుడే చార్జ్ చేసి, పడుకునేటప్పుడు అన్నిటినీ స్లీపింగ్ బ్యాగ్ అడుగున పెట్టుకోవాలని తేల్చాం.

కేబుళ్ల దగ్గర రెండు చిక్కులు దొరికాయి. కొన్ని చవక తల దీపాలకు యూఎస్‌బీ-సీ రంధ్రం ఉంటుంది గానీ లోపల ఉండాల్సిన 5.1 కిలో ఓమ్ల నిరోధకాలు ఉండవు. రెండు చివరలా సీ ఉన్న కేబుల్‌తో అవి అసలు చార్జ్ కావు, ఒక చివర పాత యూఎస్‌బీ-ఏ తరహా ఉండాలి. రెండోది, పవర్ బ్యాంక్ తక్కువ కరెంటు లాగే వస్తువును చూసి 'ఏమీ తగిలించలేదు' అనుకుని కొద్దిసేపట్లో ఆగిపోతుంది. వాచీలు, దీపాలు పొద్దున చూస్తే ఖాళీ. తక్కువ కరెంటు మోడ్ ఉన్న బ్యాంక్ కొనడమే మందు, సాధారణంగా బటన్‌ను రెండుసార్లు నొక్కితే మొదలవుతుంది.

ఎస్‌ఓఎస్: కాగితం మీద పూర్తి

ఎస్‌ఓఎస్‌ను పరీక్ష కోసం ఎప్పుడూ నొక్కకూడదు. అది గార్మిన్ రెస్పాన్స్ కేంద్రానికి పోతుంది, అక్కడి నుంచి నిజంగానే షెరీఫ్‌కో పార్కుకో ఫోను వెళ్తుంది. చేయాల్సిన సాధన వేరే: మూత ఎటు తెరుచుకుంటుందో, చేతి తొడుగుతో వేలు పడుతుందో లేదో, పొరపాటున మొదలైతే రద్దు ఎక్కడుందో నలుగురూ చూసి ఉండాలి. పరికరం మోసే మనిషే పడిపోతే నొక్కాల్సింది మిగతావాళ్లు.

నొక్కాక కేంద్రం మెసేజ్‌తో ప్రశ్నలు అడుగుతుంది. మొదటి జవాబు రాసే వరస ఖరారు చేశాం: ఎవరికి, ఏం జరిగింది, స్పృహ ఉందా, నడవగలరా, ఎంతమంది ఉన్నారు, టెంటు, తిండి ఉన్నాయా. ఆ తర్వాత చోటు మారకూడదు, పరికరం ఆపకూడదు, ఆకాశం కిందే పెట్టాలి. హెలికాప్టర్ వెంటనే వస్తుందని అనుకోవద్దు. రాత్రి, గాలి, పొగ, ఇంత ఎత్తులో పలచబడ్డ గాలి అన్నీ ఆలస్యం చేస్తాయి. ఒక రాత్రి అక్కడే గడిపేంత సరంజామా ఎప్పుడూ దగ్గర ఉండాలి.

తిండి అయిపోవడం, ఒక రోజు వెనకబడటం ఎస్‌ఓఎస్ కాదు. వాటికి రెండో ముందస్తు సందేశం చాలు.

విడివిడిగా చంపి చూసే పరీక్ష: జరుగుతోంది

ఒకటి పోయినా మిగతావి పనిచేయాలన్న మొదటి నియమాన్ని పరీక్షించడానికి పద్ధతి ఇది. మొదట రెండు ఫోన్లూ ఆపేసి ఇన్‌రీచ్ బటన్లతోనే ముందస్తు సందేశం, ట్రాకింగ్, ఇరవై అక్షరాల విడి సందేశం పంపాలి. బటన్లతో అక్షరం అక్షరం ఎంచుకోవడం నరకం, అందుకే చిన్న వాక్యాలను క్విక్ టెక్స్ట్‌లో ముందే వేశాం. తర్వాత ఇన్‌రీచ్ ఆపేసి ఫోన్ మ్యాపుతో నడక. ఆపై ఫోన్లు లేకుండా ఇన్‌రీచ్ చూపే యూటీఎం అంకెలను కాగితం గళ్లలో పెట్టి ఎక్కడున్నామో చూపించాలి. ఈ స్కేలులో ఒక కిలోమీటరు గడి దాదాపు 16 మిల్లీమీటర్లు. పీఎల్‌బీకి దాని సొంత స్వీయ పరీక్ష బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, ప్రతిసారీ బ్యాటరీ తింటుంది.

ఇంట్లో పరీక్షించేవాళ్లను మోసం చేసేది ఫోనును ఇన్‌రీచ్‌తో కలిపే గార్మిన్ మెసెంజర్ యాప్. ఫోనులో వైఫై ఉంటే అది ఉపగ్రహాన్ని వదిలేసి నెట్‌లోనే మెసేజ్ పంపుతుంది. రెండు సెకన్లలో చేరిందని సంతోషిస్తాం, ఇరిడియం పరీక్షే జరగలేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసి, పెరట్లోకి వెళ్లి పంపాలి. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ పొదుపు సెట్టింగు వెనకాల నడిచే ట్రాక్ రికార్డింగును చంపేస్తుంది, మ్యాపు యాప్‌కు దాన్నుంచి మినహాయింపు ఇవ్వాలి.

ఇండియాకు తీసుకెళ్లొద్దు

ఈ యాత్ర అయ్యాక అదే సంచితో ఇంటికి, అక్కడి నుంచి హిమాలయ ట్రెక్‌కు వెళ్లాలనుకునే వాళ్లు అడుగుతున్నారు. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇరిడియం, థురాయా ఉపగ్రహాలు వాడే పరికరాలు భారత్‌లో ఉంచుకోవడం నేరం. ఇన్‌రీచ్ కూడా ఇందులోకే వస్తుంది. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో, 2025 జనవరిలో ఢిల్లీలో విదేశీ యాత్రికులను ఈ పరికరంతోనే పట్టుకున్నారు. వాడకపోయినా, లగేజీలో స్కానరుకు దొరికినా చాలు. ఐఫోన్‌లోని శాటిలైట్ ఎస్‌ఓఎస్ అక్కడ పనిచేయదు. ఆఫ్‌లైన్ మ్యాపు, ఫోన్ జీపీఎస్, కాగితం అక్కడా ఇలాగే పనిచేస్తాయి.

మిగిలినవి

కౌంటీ నంబర్ల కాగితం. రెండో ఫోనులో పక్కదారుల మ్యాపుల తనిఖీ. పీఎల్‌బీ బ్యాటరీ మీద అచ్చయిన గడువు యాత్ర చివరి తేదీ దాటి ఉందో లేదో చూడటం. ఇన్‌రీచ్ ఫర్మ్‌వేర్‌ను (లోపలి సాఫ్ట్‌వేర్) బయలుదేరడానికి వారం ముందు ఒకసారి నింపి, ముందస్తు సందేశాలు, గ్రహీతల జాబితా చెరిగిపోలేదని పరికరం తెర మీదే చూసుకోవాలి. ఆ తర్వాత యాప్ ఎన్నిసార్లు అప్‌డేట్ అడిగినా ముట్టుకోం.